అడగటం అవమానం కాదు

తెలుగు నేలపై పెరిగే ముస్లిం బాలబాలికల మీద అక్షరభారం తక్కువేమీ కాదు. బడిలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు. సాయంత్రం మక్తబ్‌లో అరబీ. చాలా ఇళ్లలో ఉర్దూ. మొదటి మూడూ ఎడమ నుంచి కుడికి సాగితే, తక్కిన రెండూ కుడి నుంచి ఎడమకు సాగుతాయి. ఎక్కువమంది పిల్లలు ఈ భారాన్ని మోయగలుగుతారు. కొందరు ఎంత ప్రయత్నించినా మోయలేరు. ఏళ్లు గడిచినా 'ప'కూ 'వ'కూ తేడా పోల్చుకోలేరు. ఖాయిదాలో చుక్కలను బట్టి మారే 'బా', 'తా', 'సా'ల వద్ద ఆగిపోతారు. నోటితో చక్కగా చెప్పిన జవాబునే కాగితంపై పెట్టలేకపోతారు.

అలాంటి బిడ్డకు మన ఇళ్లలో దక్కే బిరుదులు తెలిసినవే: మొద్దు, సోమరి, మొండిఘటం. నిజానికి ఆ బిడ్డలో లోపించినది తెలివీ కాదు, శ్రద్ధా కాదు. చదవటంలో ఎదురయ్యే ఈ ఇబ్బందిని డిస్లెక్సియా అనీ, రాతలో అయితే డిస్‌గ్రాఫియా అనీ, లెక్కల్లో అయితే డిస్‌కాల్క్యులియా అనీ నిపుణులు అంటారు. ఇవి తల్లి పెంపకం వల్ల వచ్చేవి కావు. దెబ్బలతో పోయేవి అంతకన్నా కావు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలలో వీటినీ చేర్చింది. ప్రభుత్వ బడులకే కాక, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడులకూ దాని 16వ సెక్షన్ వర్తిస్తుంది. ఇలాంటి పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించి, వారికి తగిన పద్ధతిలో బోధించాలన్నది ఆ సెక్షన్ ఉద్దేశం. పరీక్షల్లో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే సహాయకుడు, ద్వితీయ, తృతీయ భాషల నుంచి మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. ఇన్ని భాషల మధ్య నలిగే మన పిల్లలకు ఈ చివరి వెసులుబాటు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర లేదు. వైకల్యం 40 శాతానికి తగ్గదని ధ్రువీకరణ పొందిన బిడ్డకు 18 ఏళ్ల వరకు ఉచిత విద్య, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషను ఉన్నాయి. ఇక పిల్లలను కొట్టటాన్నీ, మానసికంగా వేధించటాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది.

మొదటి అడుగు ఒక ఉత్తరం. బిడ్డ ఇబ్బందిని వివరిస్తూ ప్రధానోపాధ్యాయునికి రాతపూర్వకంగా విన్నవించాలి. అందినట్లు సంతకం తీసుకుని నకలు భద్రపరచుకోవాలి. నోటిమాటగా చెప్పింది మరుసటి ఏడాదికి ఎవరికీ గుర్తుండదు. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులను కలవవచ్చు. చూపు, వినికిడి సరిగా ఉన్నాయో లేదో ముందే పరీక్ష చేయించాలి. యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేస్తే ధ్రువపత్రానికి వైద్య పరీక్ష జరుగుతుంది. "ముందు సర్టిఫికెట్ తెండి, తర్వాత చూద్దాం" అని బడివారు అనవచ్చు. గుర్తించే బాధ్యత బడిపైనా ఉందని మర్యాదగా గుర్తు చేయాలి. పదో తరగతి పరీక్షలు ముంగిట్లోకి వచ్చాక పరుగులు తీసే కన్నా, ఎనిమిదో తరగతిలోనే ఈ పని ముగించటం మేలు. హక్కు నిరాకరించబడితే రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు.

అయితే మన ఇళ్లలో చాలాసార్లు అడ్డుపడేది బడి కాదు, మన సంకోచమే. "ఆడపిల్లకు ఆ కాగితం తెస్తే రేపు సంబంధాలు ఎలా కుదురుతాయి?" అని వెనకాడి, చివరకు బడే మాన్పించే తల్లిదండ్రులున్నారు. కాగితాన్ని దాచి, ఆ బిడ్డ చదువునే బలి ఇస్తున్నామని వారికి తోచదు. మరికొందరు "అల్లాహ్ నిర్ణయం, సహనం వహిద్దాం" అంటారు. సహనం విశ్వాసి ఆభరణమే. కానీ బిడ్డకు దక్కవలసినది దక్కకుండా పోతుంటే మౌనంగా చూడటం సహనం అనిపించుకోదు.

హజ్రత్ మూసా (అ) ఉదంతాన్ని తాహా సూరాలో మనం ఎన్నిసార్లు చదవలేదు? ఫిరౌను దర్బారుకు వెళ్లమన్న ఆదేశం అందినప్పుడు ఆయన తన నాలుక ముడిని దాచుకోలేదు. దాన్ని విప్పమని ప్రభువును వేడుకున్నారు. సోదరుడు హారూన్ (అ)ను తోడుగా ఇమ్మని అర్థించారు. ఆ రెండు కోరికలూ మన్నించబడ్డాయి. అంతటి ప్రవక్తకు సాయం కోరటం అవమానం కానప్పుడు, మన బిడ్డకు పరీక్షలో ఒక గంట అదనపు సమయం కోరటం అవమానమెలా అవుతుంది?

మక్తబ్ ఉస్తాదులకూ మా మనవి ఒకటుంది. తడబడుతూ, శ్రమపడుతూ ఖుర్ఆన్ పఠించేవారికి రెట్టింపు పుణ్యముందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. ఆయన రెట్టింపు పుణ్యాన్ని వాగ్దానం చేసిన చోట మనం బెత్తం ఎత్తటం తగదు. అలాంటి బిడ్డకు ముందు వినిపించి, నెమ్మదిగా పలికించి, ఆ తర్వాతే అక్షరం చూపితే పాఠం సులువవుతుంది.

సంతానం మన చేతుల్లో ఉంచబడిన అమానత్. త్వరగా చదివే బిడ్డను గురించే కాదు, నిదానంగా చదివే బిడ్డను గురించి కూడా రేపు మనం సమాధానం చెప్పుకోవాలి. ఆ బాధ్యతను నెరవేర్చే ధైర్యాన్నీ, వివేకాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.