పైవాళ్ళకి చెప్పేశాం కదా!

ఈ మధ్య మా ఊళ్ళో (ఫిలడెల్ఫియాకి దగ్గర్లో ఉంటాం లెండి) ఆదివారం తెలుగు క్లాసుకి టీచర్లు తక్కువయ్యారు. నేనూ, మా ఫ్రెండు ఒకడూ సరేనన్నాం. అ ఆలు, గుణింతాలు చెప్పడమేగా, అదెంత పని అనుకున్నాం. తీరా చూస్తే ఫారాలొచ్చాయి. పిల్లల మీద అఘాయిత్యం చేసిన రికార్డు లేదని ఒక కాగితం, స్టేట్ పోలీసుల దగ్గర నేరచరిత్ర లేదని ఇంకో కాగితం, ఈ రాష్ట్రంలో వరసగా పదేళ్ళ నుంచి లేనివాళ్ళైతే ఎఫ్.బి.ఐ. చెక్ కోసం వేలిముద్రలు. మొదటి రెండు కాగితాలూ అయిదేళ్ళకోసారి మళ్ళీ తెచ్చుకోవాలి. మావాడు న్యూజెర్సీ నుంచి ఇటు మారి ఆరేళ్ళే అయింది కాబట్టి వాడికి వేలిముద్రలు తప్పవు. "వీసాకి ఇచ్చాం, గ్రీన్ కార్డుకి ఇచ్చాం, ఇప్పుడు అమ్మ, ఆవు చెప్పడానిక్కూడా ఇవ్వాలా? మనమేమన్నా దొంగలమా బాస్?" అని ఒకటే గొణుగుడు.

"ఇదంతా పెన్ స్టేట్ పుణ్యమేగా" అన్నాను. వాడు తెల్లమొహం వేశాడు. పెన్ స్టేట్ అంటే వాడికి తెలిసింది వాళ్ళ బావమరిది ఎం.ఎస్. చేసిన యూనివర్సిటీ, అంతే. 2011లో ఇక్కడ ఉన్నవాళ్ళం ఆ గొడవ మర్చిపోలేం గానీ, తర్వాత వచ్చినవాళ్ళలో చాలామందికి అసలు సంగతి తెలీదని అప్పుడే అర్థమైంది నాకు. అందుకే ఇదంతా.

ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి. యూనివర్సిటీ ఉన్న ఊరి పేరే స్టేట్ కాలేజ్. అక్కడి ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు. ఆట ఉన్న శనివారం ఆ ఊరు తిరునాళ్ళలా ఉంటుంది. ఆ తిరునాళ్ళకి దేవుడు జో పటెర్నో. 1966 నుంచి 2011 దాకా హెడ్ కోచ్, 409 విజయాలు. ఊరికే గెలిపించడమే కాదు, ఆటగాళ్ళు బుద్ధిగా చదువుకోవాలనేవాడు, యూనివర్సిటీ లైబ్రరీకి సొంత డబ్బు ఇచ్చాడు. బతికుండగానే విగ్రహం పెట్టారు. ఆయన కింద ఏళ్ళ తరబడి పనిచేసిన అసిస్టెంట్ కోచ్ జెర్రీ శాండస్కీ. ఈయన 1977లో పేద పిల్లల కోసం, ఇంటి దగ్గర సరైన ఆసరా లేని పిల్లల కోసం సెకండ్ మైల్ అనే సంస్థ పెట్టాడు. అందరూ మహానుభావుడన్నారు. కోర్టులో తేలిందేంటంటే, ఆ సంస్థకొచ్చిన మగపిల్లల్లోంచే ఆయన తనకి కావలసినవాళ్ళని ఏరుకున్నాడు.

2012 జూన్‌లో జ్యూరీ 48 అభియోగాల్లో 45 నిజమని తేల్చింది. పదిమంది పిల్లలు, దాదాపు పదిహేనేళ్ళు. శిక్ష 30 నుంచి 60 ఏళ్ళు. ఆ మనిషి గురించి ఇంతకంటే చెప్పాలని లేదు నాకు. అలాంటివాళ్ళు ప్రతిచోటా ఉంటారు. చుట్టూ ఉన్నవాళ్ళ సంగతే నన్ను తినేస్తుంది.

1998లో ఒక తల్లి యూనివర్సిటీ పోలీసులకి ఫిర్యాదు చేసింది. కొడుకు తడి జుట్టుతో ఇంటికొచ్చాడు, ఏంటని అడిగితే కోచ్‌తో కలిసి స్నానం చేశానన్నాడు. పోలీసులు ఆవిడ ఇంట్లోనే నక్కి, ఆవిడ ఆయన్ని నిలదీస్తుంటే చెవులారా విన్నారు. తప్పు చేశానని ఆయనే అన్నాడు. అయినా జిల్లా ప్రాసిక్యూటర్ కేసు పెట్టలేదు. మరుసటేడు శాండస్కీ రిటైరయ్యాడు. వెళ్తూ వెళ్తూ 1,68,000 డాలర్లు, ఎమెరిటస్ హోదా, క్రీడా భవనాల్లోకి ఎప్పుడంటే అప్పుడు వెళ్ళే వీలు పట్టుకెళ్ళాడు.

2000లో రాత్రి షిఫ్టులో షవర్ గదులు కడిగే జానిటర్ ఒకాయన కళ్ళారా చూశాడు. తోటివాళ్ళకి చెప్పుకుని వణికిపోయాడు. చెబితే మన ఉద్యోగాలు ఊడతాయనుకుని అందరూ నోరు మూసుకున్నారు. వాళ్ళని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. రోజుకూలీకి దగ్గరగా బతికేవాడు ఊరి దేవుడి గుడి మీద ఫిర్యాదు చేయాలంటే ఎంత గుండె కావాలి?

2001 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి మైక్ మెక్వెరీ అనే కుర్ర అసిస్టెంటు అలాంటిదే చూశాడు. ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా చూడండి, ఆఫీసులో పనిచేసే ప్రతివాడికీ తెలిసిన దారే ఇది. మెక్వెరీ వాళ్ళ నాన్నకి చెప్పాడు. శనివారం పొద్దున్నే పటెర్నో ఇంటికెళ్ళి చెప్పాడు. ఆదివారం పటెర్నో తన పైవాడైన అథ్లెటిక్ డైరెక్టర్ టిమ్ కర్లీకి చెప్పాడు. విషయం వైస్ ప్రెసిడెంట్ గ్యారీ షుల్ట్స్‌కి వెళ్ళింది (క్యాంపస్ పోలీసులు ఈయన కిందే ఉండేవాళ్ళు). ఆయన్నుంచి ప్రెసిడెంట్ గ్రాహం స్పానియర్‌కి. మూడు రోజుల్లో విషయం పైకి ఎంత చక్కగా ఎక్కిందో చూడండి! ఎస్కలేషన్ మ్యాట్రిక్స్ అంటే ఇదే కదా మరి.

పైకి ఎక్కాక ఏమైంది? మొదట వేసుకున్న ప్లానులో మూడు పనులున్నాయి. శాండస్కీతో మాట్లాడటం, సెకండ్ మైల్ వాళ్ళకి చెప్పడం, రాష్ట్ర ప్రభుత్వ సంక్షేమ శాఖకి రిపోర్ట్ చేయడం. ఒకట్రెండు రోజుల్లో కర్లీ మనసు మారింది. ఆలోచించుకుని, నిన్న జోతో కూడా మాట్లాడాక, ఇది నాకు ఇబ్బందిగా ఉంది, ముందు ఆయనతోనే మాట్లాడదాం, సహకరిస్తే ప్రభుత్వం దాకా వెళ్ళక్కర్లేదు అని మెయిల్ రాశాడు. స్పానియర్ సరేనన్నాడు. ఆయన మాట వినకపోతే మాత్రం, ముందే రిపోర్ట్ చేయనందుకు మనం ఇరుక్కుంటాం, అదొక్కటే ఇందులో ఇబ్బంది అని రాశాడు. ఈ పద్ధతి మానవత్వంతో కూడినదని కూడా అన్నాడు. పదేళ్ళ తర్వాత, ఎఫ్.బి.ఐ. మాజీ డైరెక్టర్ లూయిస్ ఫ్రీ విచారణలో ఈ మెయిల్స్ బయటపడ్డాయి.

ఆ మాట నేను మళ్ళీ మళ్ళీ చదివాను. రిస్క్ అసెస్‌మెంట్ చేశారు, కానీ రిస్క్ ఎవరికి? యూనివర్సిటీకి. మానవత్వం ఎవరి మీద? శాండస్కీ మీద. ఆ రాత్రి షవర్లో ఉన్న పిల్లవాడి పేరేంటని ఆ గొలుసులో ఒక్కళ్ళు కూడా కనుక్కోలేదు. ఎక్కడుంటాడు, ఇంటికెలా వెళ్ళాడు, ఇప్పుడెలా ఉన్నాడు... ఒక్క ప్రశ్న కూడా లేదు. ప్రొడక్షన్లో ఏదన్నా పడిపోతే ముందు అడిగేది ఎంతమంది యూజర్లకి దెబ్బ తగిలిందనే కదా? ఇక్కడ టికెట్ అయిదుగురి చేతులు మారి క్లోజ్ అయింది, యూజర్ ఎవరో తెలీకుండానే. అప్పుడు చేసిందల్లా సెకండ్ మైల్ వాళ్ళ చెవిన వేయడం, ఇక మీదట పిల్లల్ని క్యాంపస్‌కి తీసుకురావద్దని శాండస్కీకి చెప్పడం. అంటే బయట ఎక్కడికి తీసుకెళ్ళినా ఫరవాలేదనా?

అందరూ దీన్ని కుట్ర అంటారు. నాకు ఆ మాట మీద అనుమానమే. ఫ్రీ రిపోర్టు మాత్రం పెద్దవాళ్ళు నలుగురూ కావాలనే దాచారని చెప్పింది. పటెర్నో కుటుంబం దాన్ని గట్టిగా ఖండించి, వేరే నిపుణులతో వేరే రిపోర్టు రాయించింది. 2017లో స్పానియర్ కేసులో జ్యూరీ కుట్ర అభియోగాన్ని కొట్టేసి, పిల్లల భద్రతని ప్రమాదంలో పడేశాడన్న ఒక్క చిన్న నేరం మాత్రం నిజమంది. పటెర్నో అభిమానులు దీన్ని చూపించి, చూశారా కుట్రా లేదు గిట్రా లేదు అంటారు. నాకు భయం వేసేది అక్కడే. కుట్ర ఉంటే కనీసం నలుగురు కూర్చుని, దాచేద్దాం అనుకుని ఉండాలి. ఇక్కడ ఆ అవసరం కూడా లేకపోయింది. ప్రతివాడూ తన పైవాడికి చెప్పాడు, తన వంతు అయిపోయిందనుకున్నాడు. విషయం దానంతటదే సమాధి అయిపోయింది.

ఇంకో సంగతి. అప్పటి పెన్సిల్వేనియా చట్టం కూడా అలాగే ఉండేది. ఏ సంస్థలో పనిచేసేవాడికైనా పిల్లల మీద అఘాయిత్యం సంగతి తెలిస్తే, ఆ సంస్థలో పెద్దకి చెబితే చాలు. ప్రభుత్వానికి చెప్పడం ఆ పెద్ద పని. పటెర్నో మీద కేసు లేకపోవడానికి కారణం ఇదే, చట్టం చెప్పింది ఆయన చేశాడు. ఇంకొంచెం చేసి ఉండాల్సిందని 2011 నవంబరులో ఆయనే ఒప్పుకున్నాడు. అదే రోజు రాత్రి ఫోన్లో ఆయన్ని తీసేశారు. విద్యార్థులు వీధుల్లోకొచ్చి టీవీ వాళ్ళ వ్యాను తలకిందులు చేశారు. పిల్లల కోసం కాదండీ, కోచ్ కోసం!

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోకపోతే అన్యాయం. చాలా ఏళ్ళ క్రితం హైదరాబాదులో పనిచేసేటప్పుడు, మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి నా దగ్గరకొచ్చి, ఫలానా ఆయన రాత్రిళ్ళు ఫోన్లు చేస్తున్నాడు, క్యాబ్‌లో పక్కనే కూర్చుంటున్నాడు, భయంగా ఉందండీ అంది. నేను ఆ సాయంత్రమే హెచ్.ఆర్. వాళ్ళకి మెయిల్ కొట్టాను, మేనేజర్‌ని కాపీలో పెట్టాను. ఎంత పద్ధతిగా రాశానో! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. మూడు నెలలకి ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. ఆయన అక్కడే ఉన్నాడు, ప్రమోషన్ కూడా వచ్చింది. ఈ మూడు నెలల్లో నేను ఒక్కసారైనా, ఏమ్మా, ఆ గొడవ ఏమైంది అని అడగలేదు. వెళ్ళేరోజు లంచ్‌లో నాకు థాంక్స్ చెప్పింది. దేనికి చెప్పిందో ఇప్పటికీ తెలీదు. ఆ మెయిల్ నా సెంట్ ఐటమ్స్‌లో చాలాకాలం దాచుకున్నాను. అవసరమైతే చూపించడానికి. ఎవరి అవసరమో చెప్పక్కర్లేదనుకుంటా.

సరే, చివరికి ఎవరు ఏం కట్టారో చూద్దాం. 2012 జులైలో కాలేజీ క్రీడల సంఘం ఎన్.సి.ఎ.ఎ. పెన్ స్టేట్‌కి 6 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, నాలుగేళ్ళు బౌల్ ఆటలు వద్దంది, 1998 నుంచి 2011 వరకు గెలిచిన ఆటలన్నీ రికార్డుల్లోంచి కొట్టేసింది. ఇదేం శిక్షో నాకు అర్థం కాలేదు. డేటాబేస్‌లో పాత రోలు డిలీట్ చేస్తే జరిగింది జరగకుండా పోతుందా? 1998లో చిన్నపిల్లలుగా ఉన్న కుర్రాళ్ళు బౌల్ ఆడకుండా పోయారు. 2014లో నిషేధం ఎత్తేశారు, 2015లో గెలుపులన్నీ తిరిగి ఇచ్చేశారు. రాష్ట్రంలోనే పిల్లల కోసం ఖర్చు పెట్టాలన్న ఒప్పందంతో ఆ 6 కోట్లు మాత్రం పనికొచ్చాయి. కర్లీ, షుల్ట్స్ 2017లో నేరం ఒప్పుకుని కొద్ది నెలల జైలు, గృహనిర్బంధం అనుభవించారు. స్పానియర్ అప్పీళ్ళు చేసీ చేసీ 2021లో రెండు నెలలు లోపలుండి వచ్చాడు. చెప్పిన మెక్వెరీ మాత్రం ఉద్యోగం పోగొట్టుకుని యూనివర్సిటీ మీద కేసు వేశాడు, 2016లో జ్యూరీ 73 లక్షల డాలర్లు ఇమ్మంది. బాధితులకి యూనివర్సిటీ ఇచ్చిన పరిహారం 10 కోట్ల డాలర్లు దాటింది.

ఇంత జరిగాక బుద్ధొచ్చి ఉండాలి కదా? అదే బిగ్ టెన్‌లో ఆడే మిషిగన్ స్టేట్ సంగతి చూడండి. అక్కడ 2014లో ల్యారీ నాసర్ అనే జిమ్నాస్టిక్స్ డాక్టరు మీద ఒకావిడ ఫిర్యాదు చేసింది. ఫ్రీ రిపోర్టు వచ్చి రెండేళ్ళైంది, ప్రాసెస్ మొత్తం పక్కాగా ఉంది. ఎంక్వైరీ చేశారు, తప్పేం లేదన్నారు, ఆవిడకి ఒక రిపోర్టు ఇచ్చి లోపల ఇంకో రిపోర్టు పెట్టుకున్నారు. పోలీసు కేసు ఇంకా నడుస్తుండగానే ఆయన మళ్ళీ పేషెంట్లని చూడటం మొదలెట్టాడు. 2016లో ఒక పత్రిక బయటపెట్టేదాకా చూస్తూనే ఉన్నాడు. 2018లో ఆ యూనివర్సిటీ 50 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకుంది. అక్కడ ప్రాసెస్ లేక కాదు, ఆ ప్రాసెస్ అంతా యూనివర్సిటీ కాంపౌండు గోడ లోపలే తిరిగింది.

అందుకే ఈ గొడవ మొత్తంలో నాకు నచ్చిన మార్పు ఒక్కటే, అది 2014లో పెన్సిల్వేనియా చట్టంలో వచ్చింది. ఇప్పుడు అనుమానం వచ్చినవాడు ముందు తానే నేరుగా రాష్ట్ర ప్రభుత్వానికి ఫోన్ చేయాలి. ఆ తర్వాతే సంస్థలో పెద్దకి చెప్పడం. ఆ వరస మార్చడంలోనే ఉంది కిటుకంతా. ఆదివారం తెలుగు క్లాసు చెప్పే మాలాంటి వాలంటీర్లకి కూడా ఇది వర్తిస్తుంది. మన దేశంలో 2012లో వచ్చిన పోక్సో చట్టం కూడా 19వ సెక్షన్‌లో దాదాపు ఇదే చెబుతుంది, తెలిసినవాళ్ళు ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలని. స్కూలు పరువు పోతుందని, ప్రిన్సిపాల్‌కి చెప్పి ఊరుకున్నామని అంటే కుదరదు. మన ఊళ్ళల్లో స్పోర్ట్స్ అకాడమీలకి, హాస్టళ్ళకి పిల్లల్ని పంపేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి.

ఇదంతా చెప్తే మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లాడెవరో అసలు ఎవరూ అడగలేదా?" అన్నాడు. లేదన్నాను. వాడికి ఏడేళ్ళ కొడుకున్నాడు, శనివారాలు స్విమ్మింగ్‌కి వెళ్తాడు.

వేలిముద్రల అపాయింట్‌మెంట్ వచ్చే మంగళవారం దొరికింది. పార్కింగ్ దొరకదట, నన్ను డ్రాప్ చేయమన్నాడు.