సముద్రం లేని చోట తెరచాప

పార్లమెంటు 2025 ఆగస్టులో జాతీయ క్రీడా పరిపాలన బిల్లును ఆమోదించిన తీరు పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. బీహారు ఓటర్ల జాబితాల సవరణపై ప్రతిపక్షం నినాదాలు మిన్నుముట్టుతుండగా, ఆ నెల 11వ తేదీన లోక్‌సభ, 12వ తేదీన రాజ్యసభ దానికి ఆమోదముద్ర వేశాయి. క్రీడా సమాఖ్యలపై ఒక జాతీయ బోర్డు, తగవులు తీర్చడానికి ఒక ట్రిబ్యునలు, ఎన్నికలు సక్రమంగా జరిపించడానికి ఒక యంత్రాంగం, ఇవన్నీ అవసరమైనవే. సమాఖ్యల కుర్చీలు కొందరికి వంశపారంపర్యపు ఆస్తిగా మారిన దేశంలో ఇటువంటి చట్టం వద్దనడం భావ్యం కాదు. అయితే పత్రికల గ్యాలరీలో కూర్చుని ఆ కోలాహలం వింటున్న నాకు ఒక సందేహం మిగిలిపోయింది. కుర్చీ ఎవరిది అన్న ప్రశ్నకు ఇంత పెద్ద చట్టం వచ్చింది. పడవ ఎవరిది అన్న ప్రశ్న ఏ సభలో వేయాలి?

పడవ అని ఊరికే అనలేదు. తెరచాప పడవల పందెం మన దేశంలో కలిగినవారి వారాంతపు వినోదంగానే పేరుపడింది. దొరలు 1846లో బొంబాయిలో స్థాపించుకున్న యాట్ క్లబ్బులో చాలాకాలం భారతీయులకు ప్రవేశమే లేదు. దరిమిలా అది నౌకాదళానిదీ, సైనిక పటాలాలదీ అయింది. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరంజియా ఈ క్రీడలో స్వర్ణపతకం గెలిచారు; ఢిల్లీకి సముద్రం లేదు గనుక ఆ పోటీలు బొంబాయిలో జరిపారు. అప్పుడు నేను పాఠశాల విద్యార్థిని. ఏషియాడ్ అంటే మాకు అప్పూ ఏనుగు, పొరుగింటివారి రంగుల టెలివిజన్, అంతే. తెరచాపకు పతకం వచ్చిన సంగతి మా ఊళ్ళో ఎవరూ చెప్పుకోలేదు.

నలభయ్యేళ్ళ తరువాత పరిస్థితి వేరుగా ఉంది. 2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఏషియన్ క్రీడల్లో నేహా ఠాకూర్ అనే 17 ఏళ్ళ అమ్మాయి చిన్న తెరచాప పడవల విభాగంలో రజతం గెలిచింది. ఆమె బొంబాయి పిల్ల కాదు, గోవా పిల్ల కాదు. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లా రైతు కుమార్తె. ఆ రాష్ట్రానికి ఏ దిక్కున చూసినా సముద్రం లేదు. ఆమె విద్య నేర్చింది భోపాల్ పెద్ద చెరువులో. 11వ శతాబ్దిలో భోజరాజు తవ్వించాడని చెప్పుకునే ఆ చెరువు గట్టున ప్రభుత్వం ఒక శిక్షణాలయం పెట్టి, పల్లెటూళ్ళ పిల్లలను చేర్చుకుని, పడవలిచ్చి, గురువులను నియమించింది. ఫలితం పతకాల పట్టికలో కనిపించింది.

ఇక్కడే నాకు బస్తరు జ్ఞాపకం వస్తున్నది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడే దాకా బస్తరు కూడా ఆ మధ్యప్రదేశ్‌లోనిదే. కేరళ రాష్ట్రమంతటి విస్తీర్ణం గల ఒకే జిల్లాగా అది చాలాకాలం ఉండేది. 1998 నుంచి ముక్కలవుతూ నేడు ఏడు జిల్లాలైంది. దానికీ ఒక రాజు తవ్వించిన చెరువు ఉంది. జగదల్‌పూర్‌లో దళపత్ సాగర్. ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు వెళ్ళి అక్కడ రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశం చెప్పుకుంటుంది. ఆ వంశంలోని దళపత్ దేవ్ 18వ శతాబ్దిలో రాజధానిని జగదల్‌పూర్‌కు మార్చి ఈ చెరువు తవ్వించాడు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వించిన వంశం ఎక్కడికి వెళ్ళినా చెరువును మరవలేదు కాబోలు! తెలుగువారు ఆ చెరువును పరాయిదిగా చూడనక్కరలేదు.

మూడో చెరువు మన హుసేన్ సాగర్. 1562 నాటిది. దాని దుర్గంధం గురించి, గుర్రపుడెక్క గురించి, వినాయక నిమజ్జనం గురించి తెలుగు పత్రికలు రాసినంత మరి దేని గురించీ రాసి ఉండవు. ఆ నీటిలోనే సికింద్రాబాద్ సైనికులు ఎన్నో ఏళ్ళుగా తెరచాపలు ఎత్తుతున్నారు. 2009లో ఏర్పడిన హైదరాబాద్ యాట్ క్లబ్ బస్తీ పిల్లలను, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను తెచ్చి పడవ ఎక్కించింది. వారిలో ప్రీతి కొంగర హాంగ్‌జౌ దాకా వెళ్ళింది. ఆషాఢంలో నైరుతి గాలి ట్యాంక్‌బండ్ మీదుగా వీచే రోజుల్లో ఈ పిల్లల పందేలు చూడవలసినవే. దేశం నలుమూలల నుంచి పోటీదారులు వస్తారు.

వెయ్యి కిలోమీటర్ల కోస్తా ఉన్న ఆంధ్రప్రదేశ్ సంగతేమిటని పాఠకులు అడగవచ్చు. కోరంగిలో ఓడలు కట్టి బర్మా దాకా నడిపిన జాతి మనది. 1839 తుపాను ఆ రేవును తుడిచిపెట్టినా, తాళ్ళరేవులో చెక్క ఓడలు కట్టే వడ్రంగుల పనితనం నిలిచింది. గోదావరి కాలువల మీద తెరచాప ఎత్తి, గాలి లేనప్పుడు గట్టు వెంట తాడు కట్టి లాగి, ధాన్యం పడవలు నడిపిన సరంగుల గురించి మా తాతగారి తరం కథలుగా చెప్పేది. ఇంతటి సంప్రదాయం క్రీడగా మారలేదు. విశాఖపట్నంలో నౌకాదళం ఉన్నందువల్ల కొంత మారింది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళాధికారులు 'తారిణి' అనే తెరచాప పడవలో బయలుదేరి, 21,600 నాటికల్ మైళ్ళు ప్రయాణించి, భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో పాతర్లపల్లి స్వాతి విశాఖ అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. మిగిలిన నలుగురూ ఉత్తరాఖండ్, హిమాచల్, మణిపూర్‌లకు చెందినవారు. లెక్క వేస్తే ఆరుగురిలో ఐదుగురు సముద్రం లేని రాష్ట్రాల వారే! పిల్లలకు కావలసింది సముద్రం కాదు, అవకాశం అని ఇంతకన్న స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇక ఖర్చు. తెరచాప పడవ అనగానే లక్షాధికారుల విలాస నౌక మనసులో మెదులుతుంది. పిల్లలు నేర్చుకునే పడవ పేరు 'ఆప్టిమిస్ట్'. పొడవు ఎనిమిది అడుగుల లోపు, బరువు 35 కిలోలు. 1947లో అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రపు క్లియర్‌వాటర్ పట్టణంలో క్లార్క్ మిల్స్ అనే పడవల వడ్రంగి దానిని రూపొందించాడు. ఊరి పిల్లలు తమ తండ్రుల సహాయంతో ఇంట్లోనే కట్టుకునేలా, రెండు ప్లైవుడ్ పలకలలో ఇమిడేలా, యాభై డాలర్లకు మించకుండా కట్టాలన్నది అతనికి పెట్టిన షరతు. పుట్టుకతో అది సామాన్యుల పడవ. మధ్యలో క్లబ్బులు దానిని స్వాధీనం చేసుకున్నాయి.

ఈ విద్య రాజకీయాల్లో ఆసక్తి గల పాఠకులకు ప్రత్యేకంగా రుచించేది. తెరచాప పడవ గాలికి ఎదురుగా నేరుగా పోలేదు. రమారమి 45 డిగ్రీల కోణంలో కుడికి కొంత, ఎడమకు కొంత, మెలికలు తిరుగుతూ ఎదురుగాలిలోనే గమ్యం చేరాలి. గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోయేవారిని మన శాసనసభల్లో ఎందరినో చూశాం. గాలినే వాడుకుని గాలికి ఎదురుపోయేవారు అరుదు. నియమాలలో ఇంకొక చిత్రమైనది ఉంది. పందెంలో ఒకరు మరొకరి దారికి అక్రమంగా అడ్డుపడితే, అంపైరు ఈల కోసం ఎదురుచూడకుండా, తప్పు చేసినవారే తమ పడవను రెండు చుట్లు తిప్పి శిక్ష అనుభవించి ముందుకు సాగాలి. మేర కోసం పెట్టిన తేలుబుడ్డిని తాకితే ఒక చుట్టు. ఈ నియమాన్ని ఉభయ సభల కార్యవిధానంలో చేర్చితే సమావేశాలు ఏడాది పొడుగునా చుట్లతోనే సరిపోతాయి.

బస్తరుకు తిరిగి వస్తాను. అక్కడి పిల్లలు నీటికి కొత్తవారు కాదు. ఒడిశాలోని కలహండిలో పుట్టిన ఇంద్రావతి చిత్రకోట్ దగ్గర జలపాతమై దూకి, బారసూరు దాటి, అబూజ్‌మడ్ కొండల అంచున పారి, భోపాలపట్నం ఆవల గోదావరిలో కలుస్తుంది. శబరి సుకుమా, కుంట మీదుగా వచ్చి కూనవరం వద్ద అదే గోదావరిని చేరుతుంది. ఆ కొసన జనం తెలుగే మాట్లాడతారు. వంతెన లేని చోట నది దాటడానికి ఒకే మానును తొలిచిన దోనె ఆధారం. దానిని అక్కడ 'డోంగా' అంటారు. మన చెవికి ఆ మాట మరోలా వినిపిస్తే తప్పు వారిది కాదు. పదేళ్ళ పిల్లవాడు ఆ దోనెలో నిటారుగా నిలబడి వెదురు గెడతో ప్రవాహాన్ని కొలుస్తూ, సంతకు పోయే నలుగురిని అవతలి ఒడ్డుకు చేర్చడం నేను చూశాను. నీటి మీద తూకం పట్టడం అనే విద్యను క్లబ్బు పిల్లలకు నెలల తరబడి నేర్పాలి. అది వానికి నడకతో పాటు వచ్చింది.

ఢిల్లీకి మాత్రం ఇంద్రావతి అంటే మెగావాట్లు. 1979లో బోధ్‌ఘాట్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. దశాబ్దాలు పడి ఉండి, ఈ మధ్య మళ్ళీ దస్త్రాలు కదిలాయి. ఈలోగా ఎగువన జోరా నాలా గుండా ఇంద్రావతి నీరు శబరి వైపు మళ్ళిపోతున్నదని ఒడిశాతో వివాదం సాగుతూనే ఉంది. ఎండాకాలంలో చిత్రకోట్ జలపాతం సన్నని ధారగా మారిన సందర్భాలున్నాయి. నది గురించి మాట్లాడేవారిలో నది మీద బతికేవారు లేకపోవడం ఈ వివాదాలన్నిటికీ సామాన్య లక్షణం.

2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వారు 'బస్తర్ ఒలింపిక్స్' మొదలుపెట్టారు. లక్షన్నరకు పైగా పాల్గొన్నారని ప్రకటించారు. డిసెంబరు 15న జగదల్‌పూర్‌లో ముగింపు ఉత్సవానికి కేంద్ర హోంమంత్రి అమిత్ షా వెళ్ళారు. లొంగిపోయిన మావోయిస్టులూ, మందుపాతరలలో కాళ్ళు పోగొట్టుకున్నవారూ ఆడారు. దీనిని కేవలం ప్రచారమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. తుపాకుల మధ్య పెరిగిన పిల్లలు బంతి వెంట పరుగెత్తడం మంచిదే. అయితే ఆటల జాబితాలో విలువిద్య, కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్, హాకీ, కరాటే ఉన్నాయి. నీటి ఆట ఒక్కటీ లేదు. నదుల దేశంలో నదిని వదిలేసి మైదానాలు వెతికారు.

ఒక అభ్యంతరం వస్తుంది. సల్వాజుడుం నాటి గాయాలు మానని చోట, బడి లేని, ఆసుపత్రి లేని ఊళ్ళలో తెరచాప పందేలా? అభ్యంతరం న్యాయమైనదే. 2005 తరువాత ఊళ్ళు విడిచి భద్రాచలం అడవులకు వలస వచ్చిన గొత్తికోయల పరిస్థితి తెలిసినవారెవరూ దానిని తేలికగా తీసుకోరు. 1966లో జగదల్‌పూర్ రాజభవనంలో ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ పోలీసు కాల్పులలో మరణించిన నాటి నుంచీ ఆ ప్రాంతం రాజధానుల నుంచి వచ్చే ఏ పథకాన్నైనా అనుమానంగానే చూస్తున్నది. కాని 'ముందు బడి, తరువాత ఆట' అన్న వాదం వినిపించి వినిపించి బడీ రాలేదు, ఆటా రాలేదు. పైగా తెరచాప విద్యలో తొలి పాఠం పందెం కాదు. లైఫ్ జాకెట్ వేసుకుని, పడవను కావాలని బోల్తా కొట్టించి, కంగారు పడకుండా దానిని మళ్ళీ నిలబెట్టడం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి పదుల మంది చనిపోయినప్పుడు ఒడ్డున ఉన్న గిరిజనులే నాటుపడవలు వేసుకుని వెళ్ళి దొరికినవారిని రక్షించారు. వారికి నేర్పు ఉంది. ఒక్క జాకెట్ లేదు. వరద రోజుల్లో నది దాటే ప్రతి దోనెకూ ఆ తొలి పాఠం అవసరమే.

నా భయం మరొకటి. ఈ మాట ఏ అధికారి చెవినైనా పడితే, దళపత్ సాగర్ గట్టున ముందు రిసార్టు లేస్తుంది, దానికి టెండర్లు పిలుస్తారు, గుర్రపుడెక్క తీసిన లెక్కలు ఏటా రాస్తారు, పడవలు రాయపూర్ నుంచి వచ్చే వారాంతపు అతిథులకు పోతాయి, దోనె నడిపిన పిల్లవాడు టీ గ్లాసులు అందిస్తాడు. కనుక పర్యాటక శాఖను దూరంగా ఉంచి, గిరిజన ఆశ్రమ పాఠశాలలకే పడవలు ఇవ్వాలి. గురువులు భోపాల్‌లో ఉన్నారు, హైదరాబాదులో ఉన్నారు. క్రీడలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని విషయం కావచ్చు. రెండు రాష్ట్రాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి అది అడ్డు కాదు. 2000లో రాష్ట్రం విడిపోయినప్పుడు కార్యాలయాల బల్లలు, కుర్చీలు, జీపులు కూడా లెక్కపెట్టి పంచుకున్నవారికి ఇప్పుడు ఒక లారీ పడవలు జగదల్‌పూర్‌కు పంపడం భారం కాబోదు. బస్తరు, కాంకేర్ లోక్‌సభ సభ్యులలో ఎవరైనా వచ్చే సమావేశాల్లో జీరో అవర్‌లో మూడు నిమిషాలు ఈ విషయం మాట్లాడతారేమో చూడాలి. గ్యాలరీలో నేను ఉంటాను.