పిచ్చి కాదు... మెదడు వాపు కావచ్చు!

ప్రశ్న: మా తమ్ముడికి 32 ఏళ్లు. అయిదేళ్లుగా హెచ్‌ఐవీకి మందులు వాడుతున్నాడు. సీడీ4 కణాలు 600 పైనే ఉన్నాయి. రక్తంలో వైరస్ కనిపించడం లేదన్నారు. మూడు వారాలుగా నిద్రపోవడం లేదు. ఎవరో చంపడానికి వస్తున్నారంటాడు. మొన్న ఫిట్స్ కూడా వచ్చాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మందులు మాన్పించమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఓ సోదరి

జవాబు: హెచ్‌ఐవీ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. తమ్ముణ్ని వెంటనే న్యూరాలజీ విభాగం ఉన్న ఆస్పత్రిలో చేర్పించండి.

హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ముందు క్షయ, ఫంగస్, టాక్సోప్లాస్మా వంటి ఇన్‌ఫెక్షన్లను అనుమానిస్తాం. ఒక్కోసారి రక్తంలో కనిపించని వైరస్ వెన్ను నీటిలో ఉండొచ్చు. ఇవేవీ కాకపోతే ‘ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్’ గురించి ఆలోచించాలి. అంటే శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి మెదడు మీద దాడి చేయడం. దీనిలో ఎన్ఎండీఏ రకాన్ని 2007లో డాక్టర్ జోసెప్ దల్మావ్ బృందం వివరించింది. మొదట్లో ఇది అచ్చం మానసిక జబ్బులాగే ఉంటుంది. తర్వాత ఫిట్స్, మాట తగ్గిపోవడం, నోరు, చేతులు వాటంతటవే కదలడం వంటివి వస్తాయి.

రోగనిరోధక శక్తిని తగ్గించే హెచ్‌ఐవీలో ఇదెలా సాధ్యమని మీకు సందేహం రావచ్చు. హెచ్‌ఐవీ ఆ శక్తిని తగ్గించడమే కాదు, దాని అదుపునూ దెబ్బతీస్తుంది. అరుదే అయినా హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఈ జబ్బు బయటపడిన సందర్భాలున్నాయి.

ఎమ్మారై మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. వెన్ను నీరు, రక్తంలో యాంటీబాడీల పరీక్ష, ఈఈజీ అవసరం. ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకున్నాక స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు, ప్లాస్మా మార్పిడి వంటి చికిత్సలు చేస్తారు. కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. కానీ త్వరగా చికిత్స మొదలుపెడితే చాలామంది బాగా కోలుకుంటారు.

అన్నింటికన్నా ముఖ్యం, డాక్టరు దగ్గర హెచ్‌ఐవీ సంగతి దాచకండి. ఫిట్స్‌కు వాడే కార్బమజెపైన్, ఫెనిటాయిన్ వంటి మందులు డొల్యుటెగ్రావిర్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు. హెచ్‌ఐవీ ఉందని చికిత్స నిరాకరించడం 2017 నాటి చట్టం ప్రకారం నేరుగా వివక్షే. ఆ వివరాలు గోప్యంగా ఉంచాలనీ ఆ చట్టమే చెబుతోంది. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

తాయెత్తు ఉంటే ఉండనివ్వండి. ఆస్పత్రికి మాత్రం ఆలస్యం చేయకండి.