పెట్టె మార్చే ముందు చీటీ చదువుదాం

పోయిన ఏడాది యాసంగి వడ్ల టైంల మా మేనమామ లారీ కోరుట్ల దాటినంక మెట్‌పల్లి రోడ్డు మీద ఆగింది. మిల్లుకు పోవాల్సిన వడ్లు లోపలే ఉన్నయి. బండి 2018 మోడల్, బీఎస్-4, ఆరు సిలిండర్ల ఇంజిన్. స్టార్ట్ అయితది గానీ మూడే సిలిండర్లు కొడ్తయి. ఖాళీ బండినే గుంజదు, లోడ్ ఏం గుంజుతది? ఒక వర్క్‌షాపోళ్లు స్కానర్ పెట్టి చూసి "ఈసీఎం కాలింది, మార్చాలె" అన్నరు. కొత్తది లక్షకు అటూ ఇటూ, అదీ వారం తర్వాత వస్తదట. వాళ్లిచ్చిన చీటీని మామ ఫొటో తీసి నాకు వాట్సాప్ చేసిండు. "అల్లుడా, నువ్వు ఈసీఈ గదా, జెర ఇది చూసి చెప్పు" అని.

తెల్లారి ఇంటర్నల్ ఉంది. ఫొటో తెరిచిన, పైపైన చూసిన. "వాళ్లు చెప్పినట్టే చేయి మామా" అని పెట్టి, మళ్లీ నోట్స్‌ల పడ్డ. ఆ ఒక్క మెసేజ్ గురించే ఇదంతా రాస్తున్న.

వేరే బ్రాంచి దోస్తుల కోసం ముందు రెండు మాటలు. పాత లారీలల్ల డీజిల్ ఎంత పోవాలె, ఎప్పుడు పోవాలె అనేది పంపే చూసుకునేది. మొత్తం ఇనుము పని. పానా పట్టినోడు ఎవరైనా విప్పి చూడొచ్చు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4 తప్పనిసరి అయింది, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. పొగ తగ్గాలంటే డీజిల్‌ను లెక్కతో కొట్టాలి కాబట్టి చాలా లారీలల్లకు కామన్ రైల్, దాంతోపాటు ఒక కంప్యూటర్ వచ్చినయి. అదే ఈసీఎం, కొందరు ఈసీయూ అంటరు. క్రాంక్ ఏ స్థానంల ఉంది, రైలుల ఒత్తిడి ఎంత, డ్రైవర్ కాలు ఎంత నొక్కింది అన్నీ సెన్సర్ల నుంచి తెలుసుకొని, ఒక్కో ఇంజెక్టర్‌ను మిల్లీసెకన్ల లెక్కన తెరిచి మూస్తది. మనం ఎంబెడెడ్ సిస్టమ్స్ పేపర్ల రాసే ఇంటరప్టులు, టైమర్లు, ఏడీసీలు అన్నీ ఆ పెట్టెల నిజంగా పనిచేస్తుంటయి.

మామ దగ్గర లక్ష లేదు. హైదరాబాద్‌ల ఒక సెకండ్ హ్యాండ్ పెట్టె దొరికింది. ఇట్లాంటి పెట్టె తెచ్చి బిగిస్తే సరిపోదు. పార్ట్ నంబర్ కలవాలె. పాతదాంట్ల ఉన్న డేటా కొత్తదాంట్లకు ఎక్కాలె. ఇంజెక్టర్లు అన్నీ ఒక్క తీరుగ ఉండవు కాబట్టి ఒక్కోదానికి ఒక కోడ్ ఉంటది, అదీ సరిగ్గ ఎక్కకపోతే బండి కొట్టుకుంటది, పొగ పెడ్తది. ఇవన్నీ తెలిసిన మనిషే డేటా కాపీ చేసి ఇచ్చిండు. బండి కదిలింది. నాలుగు రోజులు వడ్లు మోసింది. అయిదో రోజు అదే రోగం, అవే మూడు సిలిండర్లు. రెండో పెట్టె కూడా పోయింది.

ఆ రెండు రోజులు మా ఊరి సెంటర్ల లారీ లేక కాంటా ఆగింది. మబ్బు పట్టింది. కాంటా పెట్టిన బస్తాలు బయటే ఉన్నయి, రైతులు పట్టాలు కప్పుకుంట రాత్రంతా కుప్పల కాడ్నే పండుకున్నరు. మామను ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఆయనే ఆ తొవ్వల పోవుడు బంద్ చేసిండు.

ఆఖరికి కోరుట్లల ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయినం. అందరూ ఉస్తాద్ అంటరు. సౌదీ గ్యారేజీలల్ల చానా ఏండ్లు పనిచేసి వచ్చిన మనిషి. ఆ రోజు నేను కూడా ఉన్న. ఆయన స్కానర్ ముట్టలేదు. ముందు బ్యాటరీ తీసిండు. ఈసీఎం కనెక్టర్లు గుంజిండు. మల్టీమీటర్ బజర్‌ల పెట్టి, ఒక కొన ఇంజిన్ బాడీకి, ఇంకో కొన ఇంజెక్టర్లకు పోయే పిన్నులకు ఒక్కొక్కటిగ తాకించిండు. ఏమీ మోగలేదు. అప్పుడు వైరింగ్ మూటను చేత్తో ఊపుమని నాకు చెప్పిండు. ఊపిన. మూడో ఇంజెక్టర్ పిన్ను కాడ మీటర్ కుయ్యిమన్నది. ఒక క్లిప్పు ఊడి, ఆ వైరు బ్రాకెట్‌కు రాసుకొని రాసుకొని తోలు పోయింది. బండి గతుకుల్ల ఊగినప్పుడల్ల ఎర్త్ అవుతుంది. ఇంజెక్టర్‌ను తెరవడానికి ఈసీఎం బ్యాటరీ వోల్టేజీని ఇంకా పెంచి పంపుతది. అది మాటిమాటికి బాడీకి తగిలితే లోపలి డ్రైవర్ ట్రాన్సిస్టర్లు ఎన్నిసార్లని తట్టుకుంటయి? వైరు, స్లీవు, టేపు కలిపి మూడు వందలు కూడా కాలేదు. కాలిన పెట్టెల ట్రాన్సిస్టర్లు మార్పిస్తే అదే పెట్టె మళ్లీ పనిచేసింది.

"పెట్టె పోయింది అన్నది అబద్ధం కాదు బిడ్డా," అన్నడు ఉస్తాద్. "ఎందుకు పోయిందో ఎవడూ అడగలే."

హాస్టల్‌కు వచ్చి ఆ పాత ఫొటో మళ్లీ తెరిచిన. చీటీల ఒకే ఒక వరుస. ఎస్‌పీఎన్ 653, ఎఫ్‌ఎంఐ 6. బరువు బండ్లు వాడే జే1939 అనే ప్రమాణంల 653 అంటే మూడో సిలిండర్ ఇంజెక్టర్. 6 అంటే కరెంటు మామూలుకంటే ఎక్కువ, లేదా వైరు ఎర్త్ అయింది. బండి మొదటి రోజే జాగ చూపెట్టి మరీ చెప్పింది. వర్క్‌షాపోళ్లు చదవలేదు. మామకు ఇంగ్లిష్ రాదు. ఇంగ్లిషూ వచ్చి, ఎలక్ట్రానిక్సూ చదువుతున్న నేను చూసి కూడా చదవలేదు.

నా వాదన ఇదీ. మన దగ్గర పాత లారీలకు వస్తున్న కష్టం కంప్యూటర్ వల్ల వచ్చింది కాదు. ఆ కంప్యూటర్ చెప్పే మాట బండి నడిపేటోనికి, బాగు చేసేటోనికి అందకపోవడం వల్ల వచ్చింది.

మా రూమ్మేట్‌ది సిరిసిల్ల, వాళ్ల నాయిన ఆసామి. సాంచ ఆగితే జాబర్ వస్తడు, చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్తడు, అరిగిన ముక్కను లేత్ మీద చేయించుకొస్తడు. యంత్రం పాతదే, కానీ కండ్ల ముందు తెరిచి ఉంటది కాబట్టి ఊరి చేతులే దాన్ని నడిపిస్తున్నయి. లారీ కంప్యూటర్ అట్ల కాదు. వైరింగ్ డయాగ్రం కావాలె, ఏ పిన్నుల ఎంత వోల్టేజీ ఉండాలో తెలవాలె. ఆ కాగితం ఉస్తాద్ చేతుల ఉంటే ఊపి చూసే పని కూడా ఉండకపోవు.

ఇది మన ఒక్క జిల్లా గొడవ కాదు. 2012లో అమెరికాల మసాచుసెట్స్ ఓటర్లు బండి రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు కూడా ఇవ్వాల్సిందేనని తేల్చిన్రు. మన దగ్గర 2014 ఆగస్టుల కాంపిటిషన్ కమిషన్ విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు, మాన్యువళ్లు బయటోళ్లకు అందనిస్తలేరని 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకు పోయినయి. 2022 జూలైల కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. మొబైళ్లు, వ్యవసాయ పరికరాలతోపాటు వాహనాలు కూడా దాంట్ల ఉన్నయి. అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ కూడా మొదలైంది. హక్కు అనే మాటైతే వచ్చింది. కాగితం ఇంకా కోరుట్ల షెడ్డు దాకా రాలేదు.

ఎదురు మాట కూడా ఉంది, దాన్ని దాటేయొద్దు. అన్నీ తెరిచిపెడితే కొందరు సాఫ్ట్‌వేర్ మార్చి యాడ్‌బ్లూ బంద్ పెడ్తరు, పొగ మళ్లీ మొదటికొస్తది అంటరు. నిజమే, అట్ల చేసేటోళ్లు ఉన్నరు. కానీ ప్రోగ్రాం మార్చడం వేరు, తప్పు ఎక్కడుందో చదవడం వేరు. ప్రోగ్రాంకు తాళం ఉండనీ. ఎర్త్ అయిన వైరు ఎక్కడుందో చెప్పే కాగితానికి తాళం ఎందుకు?

చట్టం వచ్చేదాకా ఆగుదామా? మనతోని అయ్యేది ఒకటుంది. మనది ఇంజనీరింగ్ కాలేజీ, మన క్లబ్బు తెలుగు క్లబ్బు. కవితలు రాద్దాం, తప్పు లేదు. దాంతోపాటు లారీలల్ల తరచుగా వచ్చే కోడ్‌లను నాలుగు వరుసల తెలుగుల రాద్దాం. ఏం పోయింది, ముందు ఏ వైరు చూడాలె, మీటర్‌తో ఎట్ల చూడాలె, పెట్టె మార్చుడు ఎప్పుడు నిజంగా అవసరం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల షెడ్డులల్ల గోడకు అంటించేటట్టు ఉండాలె. "శక్మాపక యంత్రం" లాంటి మాటలు వద్దు, మీటర్ అంటే మీటరే. రాసింది ఉస్తాద్ లాంటోళ్లకు చూపెట్టి, వాళ్లు తప్పన్నది దిద్దుదాం. ఒక కాలిన ఈసీఎం మన ల్యాబ్ బల్ల మీదికి తెస్తే ఇంకా మంచిది, పేపర్ల రాసేది చేత్తో ముట్టినట్టుంటది.

వచ్చే యాసంగికి ముందు కనీసం ఇరవై కోడ్‌లు కావాలె. మొదటిది నేను రాసిన. ఎస్‌పీఎన్ 653, ఎఫ్‌ఎంఐ 6. మూడో ఇంజెక్టర్ వైరు ఎర్త్ అయి ఉండొచ్చు, పెట్టె మార్చే ముందు వైరు చూడు. మీ ఇంట్ల, మీ వాడకట్టుల లారీ ఉన్నోళ్ల దగ్గర పాత చీటీలు ఉంటయి. అవి ఫొటో తీసి క్లబ్ గ్రూపుల పెట్టున్రి. ఈసారి పూర్తిగ చదివే జవాబిస్త.