పెద్దవారిని కూర్చోబెట్టడం సేవ కాదు

డెబ్బై ఏళ్ళు దాటినవారు మోకాళ్ళ నొప్పితో వైద్యుని వద్దకు వెళ్ళి రాగానే ఇంట్లో వినిపించే మాట ఒకటుంది: "గుజ్జు అరిగిపోయిందట." ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. అరిగిన వస్తువును వాడకూడదు కదా! మేడ మెట్లు ఎక్కవద్దంటారు, గుడికి ఆటోలో వెళ్ళమంటారు, మంచినీళ్ళ గ్లాసు సైతం కుర్చీ వద్దకే వస్తుంది. ఇదంతా ప్రేమతో చేస్తున్నదే, కాదనను. కాని ఈ ప్రేమ వల్లనే మన పెద్దవారిలో చాలామంది నడకకు దూరమవుతున్నారని నా అభిప్రాయం.

మోకాలు బండి ఇరుసు వంటిది కాదు. ఇరుసు తిరిగిన కొద్దీ అరుగుతుంది. తనను తాను పోషించుకొనే శక్తి దానికి లేదు. మనం గుజ్జు అని పిలిచే మృదులాస్థి సజీవమైన కణజాలం. దానిలో రక్తనాళాలు ఉండవు గనుక, కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ అందాలి. అడుగు వేసినప్పుడు నొక్కుకొని, కాలు ఎత్తినప్పుడు వదులై, స్పంజి వలె ఆ ద్రవాన్ని పీల్చుకొంటుంది. కదలిక తగ్గితే ఆ పోషణా తగ్గుతుంది. పైగా ఎక్స్‌రేకూ నొప్పికీ పొత్తు అంతగా కుదరదు. ఎక్స్‌రేలో చాలా అరుగుదల ఉన్నా చక్కగా తిరిగేవారున్నారు, స్వల్ప మార్పులకే విలవిలలాడేవారూ ఉన్నారు. ఈ తేడాకు గల కారణాలలో తొడ కండరాల బలం ఒకటి. గుజ్జును తిరిగి మొలిపించే మందు నేటికీ లేదు. కండరాన్ని పెంచే మార్గం మాత్రం ఉంది.

కండరం ఎంత త్వరగా పోతుందో చాలామందికి తెలియదు. 2007లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో సగటున 67 ఏళ్ళ వయసున్న ఆరోగ్యవంతులను పది రోజులపాటు మంచం మీదనే ఉంచి పరీక్షించారు. ఆ పది రోజులలో వారి కాళ్ళ నుంచి దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. వారికి జ్వరం లేదు, దెబ్బ లేదు, తిండికి లోటు లేదు. మన ఇంట్లో డెంగీతోనో న్యుమోనియాతోనో పడుకొని, రెండు బ్రెడ్డు ముక్కలతో పది రోజులు గడిపిన ఎనభై ఏళ్ళ తల్లి సంగతి ఊహించండి. "జ్వరం తగ్గింది గాని మనిషి లేవడం లేదు" అనే మాట వెనుక ఉన్న రహస్యం చాలావరకు ఇదే.

మరి పోయిన బలం ఆ వయసులో తిరిగి వస్తుందా? వస్తుంది. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ ప్రాయంలో ఉన్న పదిమంది చేత ఎనిమిది వారాలపాటు కాళ్ళతో బరువులు ఎత్తించారు. వారి తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. చేతికర్ర లేనిదే నడవలేని ఇద్దరు కర్రను పక్కన పెట్టారు. చిన్న పరిశోధనే, నిజం. అయితే 2014లో వెలువడిన మరొక అధ్యయనంలో 70 నుంచి 89 ఏళ్ళ వయసు గలవారు 1,635 మంది ఉన్నారు. వ్యాయామం చేసిన వర్గంలో, కేవలం ఆరోగ్య పాఠాలు విన్న వర్గంతో పోలిస్తే, నడక శక్తిని కోల్పోయే ముప్పు 18 శాతం తగ్గింది. ఈ వయసులో ఏమి లాభమని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఇదే.

మన వద్ద ఫిజియోథెరపీ అనగానే "కరెంటు పెట్టించుకోవడం" అనే అర్థం స్థిరపడింది. రోగి బల్ల మీద పడుకొంటాడు, మోకాలికి ప్యాడ్లు అంటిస్తారు, కాసేపు చిమచిమలాడుతుంది, లేచి ఇంటికి వెళతాడు. పది సిట్టింగులయ్యాక "ఫిజియోథెరపీ కూడా చేయించాం, లాభం లేదు" అంటారు. ఆ యంత్రం నొప్పిని కొంతసేపు తగ్గించవచ్చు, కాని మీ బదులు అది వ్యాయామం చేయదు. మంచి ఫిజియోథెరపిస్టు మొదట మీరు కుర్చీలోంచి ఎలా లేస్తున్నారో, మలుపు వద్ద ఎలా తడబడుతున్నారో చూస్తారు. రెండు మూడు వ్యాయామాలు నేర్పి, మళ్ళీ వచ్చినప్పుడు వాటి తీవ్రతను పెంచుతారు. చికిత్స సాగినంతసేపూ ఒక్కసారి కూడా మిమ్మల్ని నిలబెట్టని చోట, ఎందుకని నిస్సంకోచంగా అడగండి.

"నేను రోజూ నడుస్తున్నానండీ" అని కొందరు అంటారు. సంతోషం. కాని నడక ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వృద్ధులకు వారానికి కనీసం 150 నిమిషాల నడక వంటి శ్రమతో పాటు, బలాన్నీ శరీర సమతుల్యాన్నీ పెంచే వ్యాయామాలు వారానికి మూడు రోజులైనా ఉండాలంటున్నాయి. పడిపోకుండా కాపాడేవి ముఖ్యంగా ఈ రెండవ రకానివే.

వీటికి జిమ్ము అక్కరలేదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీ చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకొని, అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి; పక్కన ఒకరిని ఉంచుకోండి. 70–74 ఏళ్ళ పురుషులు 12 సార్లకన్నా, స్త్రీలు 10 సార్లకన్నా తక్కువ లేస్తే కాళ్ళలో బలం తక్కువని అమెరికాలో వాడుకలో ఉన్న కొలత. పరీక్ష అదే, మందూ అదే. పూటకు ఐదుసార్లు, రోజుకు మూడు పూటలు లేచి కూర్చోవడంతో ఆరంభించండి. మొదట్లో చేతుల ఊతం తీసుకోవచ్చు. ఊపిరి బిగపట్టవద్దు. వంటింటి గట్టు పట్టుకొని మడమలు ఎత్తి దించడం మరొకటి. కాస్త నొప్పి ఉండి మరునాటికి సర్దుకొంటే భయం లేదు. కీలు వాచినా, నొప్పి రెండో రోజుకూ తగ్గకపోయినా మోతాదు తగ్గించాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం, లేవగానే కళ్ళు తిరగడం ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. చేతికర్ర వాడేవారు దానిని నొప్పి లేని కాలి వైపు చేతితో పట్టుకోవాలి. చాలామంది తిరగేసి పట్టుకొంటారు. రాత్రికి రెండు ఇడ్లీలతో సరిపెట్టుకొనే పెద్దలకు మరొక మాట: కండ పెరగాలంటే పప్పో, గుడ్డో, పెరుగో తగినంత కావాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఆ మోతాదును వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

పిల్లలు విదేశాలలో ఉన్న ఇళ్ళలో ఇప్పుడు కేర్‌టేకర్లను పెడుతున్నారు. వారు చంకల కింద చేతులు వేసి పెద్దాయనను లేపుతారు, స్నానం చేయిస్తారు, అన్నం కలిపి పెడతారు. అక్కడి నుంచి వీడియో కాల్‌లో చూసేవారికి అది మంచి సేవగానే కనిపిస్తుంది. కాని ఆయన తనంతట తాను ఒక నిమిషంలో లేవగలిగితే, ఆ నిమిషం ఓపిక పట్టి పక్కన నిలబడేవారే అసలైన సహాయకులు. కాల్ చేసినప్పుడు "భోజనం అయిందా నాన్నగారూ" అన్న తరువాత "ఈరోజు కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు" అని కూడా అడగండి.

ఇక ప్రభుత్వాల సంగతి. 2010–11లో కేంద్రం ప్రారంభించిన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం జిల్లా ఆసుపత్రులలో ఫిజియోథెరపీ విభాగం ఉండాలని నిర్దేశించింది. ఆలోచన మంచిదే. కాని నడవలేని మనిషి వారానికి మూడుసార్లు బస్సెక్కి జిల్లా కేంద్రానికి ఎలా వెళతాడు? వారానికి ఒక రోజైనా ఫిజియోథెరపిస్టు మండల స్థాయి ఆసుపత్రికి రావాలి. ఈ కుర్చీ వ్యాయామాన్ని ఆశా కార్యకర్తలకు నేర్పాలి. దీనికి యంత్రాలు కొనవలసిన పని కూడా లేదు.

తుంటి ఎముక విరిగిన వారి విషయంలో ఈ లోటు ఎక్కువగా బాధిస్తుంది. అప్పు చేసి శస్త్రచికిత్స చేయిస్తారు, ప్లేటు ఏ కంపెనీదో ఆరా తీస్తారు, ఇంటికి తెచ్చి మూడు నెలలు పడుకోబెడతారు. చాలా సందర్భాలలో శస్త్రచికిత్స మరునాడే రోగిని లేపి నిలబెట్టవచ్చు, నిలబెట్టాలి. ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు సర్జన్‌ను నాలుగు ప్రశ్నలు అడగండి: ఆ కాలి మీద ఎంత బరువు మోపవచ్చు? వాకర్ ఎంతకాలం వాడాలి? ఇంటి వద్ద ఏయే వ్యాయామాలు చేయాలి? వాటిని ఎవరు నేర్పుతారు? జవాబులను డిశ్చార్జి కాగితం మీదనే వ్రాయించుకోండి.