నీటికి సభ్యత్వం ఉందా?

మా మేనల్లుడు బెజవాడ దగ్గర కృష్ణ ఒడ్డున ఫ్లాటు కొంటున్నాడు. పన్నెండో అంతస్తు, మూడు పడకగదులు, నదివైపు బాల్కనీ. శుభం. అయితే అడ్వాన్సు పోను మిగిలిన సొమ్ముకోసం భీమడోలు దిగువన ఉన్న మా ఉమ్మడి పొలం అమ్మాలి. ఆ దస్తావేజు మీద నా సంతకం కావాలి. "మామయ్యా, నువ్వొక్కడివి సంతకం పెడితే చాలు. రేపట్నుంచి సూర్యోదయం మన ఇంట్లోంచే చూడొచ్చు" అన్నాడు ఫోనులో. సూర్యోదయం మా పొలంగట్టు మీదనుంచి కూడా కనబడుతుంది, అదీ ఉచితంగా. ఆ మాట వాడితో అనలేదు. అనవలసినవి అంతకంటె ముఖ్యమైనవి ఉన్నాయి గనుక ఇలా రాస్తున్నాను.

వాడు పంపిన రంగుల కరపత్రం నాలుగుసార్లు చదివాను. ఈతకొలను ఉంది, వ్యాయామశాల ఉంది, పిల్లలకు ఆటస్థలం ఉంది. నది కూడా ఉంది, చక్కని నీలం రంగులో. వరదనాటి కృష్ణ రంగు ఆ బొమ్మ గీసినవారు చూసి ఉండరు. "వరద" అన్న మాట ఆ పన్నెండు పుటల్లో ఒక్కచోటా లేదు. చివరి పుటలో మాత్రం ఒక వాక్యం నన్ను నిలబెట్టింది: యజమానులందరూ కలిసి సహకార సంఘంగా ఏర్పడతారట.

సహకారం మంచి మాటే. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ప్రకారం ఫ్లాటు కొన్న ప్రతివాడికీ కింద ఉన్న నేలలో అవిభాజ్యమైన వాటా ఉంటుంది. అందరూ ఒక సంఘం కట్టుకోవాలి. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన అపార్టుమెంటు సంఘాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. లిఫ్టు ఖర్చూ, మోటారు ఖర్చూ, కాపలాదారు జీతమూ పంచుకోవడానికి అది సవ్యమైన ఏర్పాటు. దానితో నాకు తగవు లేదు. నా తగవల్లా ఆ సహకారం ప్రహరీగోడ దగ్గర ఆగిపోవడంతోనే.

ఈ విద్యలో ఆరితేరినవారు న్యూయార్కులో ఉన్నారు. అక్కడ ఈస్ట్ రివర్ ఒడ్డున 1931లో కట్టిన రివర్ హౌస్ అనే సహకార భవనం ఉంది. అక్కడ ఇల్లు కొనడమంటే సంఘంలో వాటా కొనడం. డబ్బుంటే చాలదు, పాలకవర్గం ఒప్పుకోవాలి. 1980లో గ్లోరియా వాండర్‌బిల్ట్ అంతటి ధనికురాలినే కాదంటే ఆవిడ కోర్టుకెక్కింది. పొరుగువారిని ఏరుకోవడం ఆ సహకారపు పరమార్థం. మన కరపత్రాలు "ఎంపికైన కుటుంబాల నివాసం" అని రాయడంలోని ఊహ కూడా అదే. అందరినీ ఎంపిక చేసుకోవచ్చు. నదిని మాత్రం ఎవరు పరీక్షించి చేర్చుకున్నారు? అది అక్కడి పాత కాపు. తక్కినవారందరూ దాని ఇంట్లో దిగినవారు.

ఇక మా వైపు సంగతి. కృష్ణ ఒడ్డుకూ భీమడోలు పొలానికీ సంబంధమేమిటని మా వాడు అడుగుతాడు. బుడమేరే సంబంధం. ఆ ఏటి వరదలో కొంత మళ్ళింపు కాలువ గుండా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవాలి, మిగిలినది కొల్లేరుకు చేరాలి. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీటిని పుచ్చుకోదు. 2024 సెప్టెంబరు మొదట్లో జరిగినది చూశాం. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి పోయాయి, అంతకుముందెన్నడూ లేనంత. బుడమేరుకు గండ్లు పడ్డాయి. బెజవాడలో సింగ్‌నగర్ మునిగింది. ఆ తరువాత నీరు కొల్లేరుకు దిగింది. లంక గ్రామాలను చుట్టుముట్టింది, ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి ఎక్కింది. కొల్లేటినుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు నింపాదిగా నడుస్తుంది. అంతవరకూ నీరు ఎక్కడ నిలవాలి? మా పల్లపు చేలలో నిలుస్తుంది. నిలిచి, తీసి, వెళ్ళిపోతుంది. ఆ ఏడు సార్వా పోతుంది, దాళ్వా మిగులుతుంది. ఇదీ మా తాతల నాటి ఒడంబడిక.

మేము నిర్దోషులమని చెప్పను. సహకారం పేరుతో నీటి చోటు ఆక్రమించడం నగరంకంటె ముందు నేర్చినవాళ్ళం మేమే. 1970లలో కొల్లేటి మత్స్యకారులకు సహకార సంఘాలు పెట్టి ప్రభుత్వం చేపల చెరువులు ఇచ్చింది. క్రమంగా కాగితం మీద పేరు పేదవాడిది, గట్టు మీద పెత్తనం పెట్టుబడిదారుది అయింది. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. అయినా గట్లు పెరిగాయి. 2006లో సుప్రీంకోర్టు జోక్యంతో ఆ గట్లను కొట్టివేశారు. నా చదువుకు కట్టిన ఫీజుల్లో చేపల చెరువు లీజు డబ్బు ఉంది. అందుచేతనే ఈ మాట అనడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటాను.

"గోడ కడితే సరి" అంటారు. కృష్ణలంకను 2024లో గోడే కాపాడింది, నిజం. అక్కడ ఏనాటినుంచో కాపురమున్న బీదాబిక్కీకి ఆ గోడ న్యాయం. కొత్తగా ఒడ్డుకు దిగి, ఆపైన గోడ కట్టమనడం వేరు. గోడ నీటిని తగ్గించదు, పక్కకు నెడుతుంది. ఒక్క భవనంతో కృష్ణ పొంగుతుందని నేననను. ప్రతి భవనమూ "నేనొక్కదాన్నే గదా" అనడంవల్లే ఒడ్డు ఇరుకవుతుందంటాను.

"అనుమతులన్నీ ఉన్నాయి" అంటారు. కేరళలో మరడు జలాశయపు ఒడ్డున ఫ్లాట్లు కొన్నవారూ అలాగే నమ్మారు. తీర నియంత్రణ నిబంధనలకు విరుద్ధమని 2019 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 జనవరిలో రెండు రోజుల్లో ఆ నాలుగు సముదాయాలూ పేలుడుతో నేలకూలాయి. తాత్కాలిక పరిహారం 25 లక్షలన్నారు. కాగితం మీద సంతకాలు చేసినవారు ఆ దుమ్ములో ఎక్కడా కనబడలేదు.

అసలు సంగతి ఇది. మా పొలం కొనజూపుతున్న ఆసామి వరి వేయడు, చెరువు తవ్వుతాడు. దాపరికం లేకుండా చెప్పాడు కూడా. నాలుగువైపులా గట్టు లేస్తుంది. ఇన్నాళ్ళూ మా చేలో నిలిచిన వరద పక్కనున్న కౌలుదారు చేలోకి పోతుంది. అతను ఏ సంఘంలోనూ సభ్యుడు కాడు. ఆ డబ్బుతో బెజవాడలో ఇంకొక గోడ లేస్తుంది. అంటే నా ఒక్క సంతకంతో రెండుచోట్ల నీటి చోటు మూసుకుంటుంది, పైన ఒకటి, కింద ఒకటి. మధ్యలో ఉన్న నీరు ఎక్కడికి పోవాలో ఆ దస్తావేజులో రాయరు.

కనుక ఒరేయ్ నాయనా, నీమీద కోపం లేదు. ఇల్లు కొనుక్కో, నగరంలో మెరక మీద కొనుక్కో. నా వాటా మేరకు బ్యాంకులో అప్పు తీసి ఇస్తాను. ఈ ఫ్లాటే కావాలంటే రెండు సంగతులు రాతపూర్వకంగా తెచ్చి చూపించు. 2009 అక్టోబరులోనూ 2024 సెప్టెంబరులోనూ ఆ స్థలంలో నీరు ఎంతవరకు వచ్చింది? ఆ నీరు ఇకముందు ఎవరి ఇంటికి పోతుంది? మొదటిదానికి జవాబు ఏ ఇంజనీరైనా ఇస్తాడు. రెండవదానికి జవాబు దొరికేదాకా నా కలం జేబులోనే ఉంటుంది.