ఎంతమంది పడతారు?

మన ఇళ్ళలో కారు కొనాలన్న మాట రాగానే మొట్టమొదట పుట్టే ప్రశ్న ధర గురించి కాదు, మైలేజీ గురించీ కాదు. ‘ఎంతమంది పడతారు?’ అన్నదే. షోరూములో ఐదు సీట్లని చెబుతారు. మనం ఏడుగురం ఎక్కుతాం. చంటిపిల్లలు లెక్కలోకి రారు. తీరా బయల్దేరే వేళకు పక్కింటి అత్తయ్య ‘కొండకేనా? నేనూ వస్తా’ అంటే ఇంకో సీటు ఎక్కడినుంచో పుట్టుకొస్తుంది.

అలాంటి మన మధ్యకు ఒకే ఒక్క సీటున్న కారు వస్తే ఎలా ఉంటుంది? పక్క సీటు లేదు, వెనక సీటు లేదు. నడిపేవాడు తప్ప ఇంకెవరికీ చోటు లేదు. చిత్తూరు పల్లెల్లో అయితే అవ్వ ఒకే మాట అడిగేస్తుంది. ‘మరి నేనెక్కడ కూచునేది నాయనా?’

నవ్వకండి. అలాంటి కార్లు నిజంగానే ఉన్నాయి. పందెం మైదానంలో తిరిగేవి కావు సుమా! నంబరు ప్లేటు, లైట్లు, ఇండికేటర్లతో రోడ్డు మీద దర్జాగా తిరిగే కార్లు. బ్రిటన్‌లోని లివర్‌పూల్ నగరంలో బ్రిగ్స్ అనే ఇద్దరు అన్నదమ్ములు బీఏసీ అని ఒక చిన్న కంపెనీ పెట్టి, 2011లో ‘మోనో’ అనే కారును బయటికి తెచ్చారు. మోనో అంటేనే ఒక్కటి. ఫెరారీ వాళ్ళు కూడా 2018లో ‘మోంజా ఎస్‌పీ1’ పేరుతో ఒక్క సీటు కారు చూపించారు. ఇక వినోదానికైతే 1960లలో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో తయారైన ‘పీల్ పీ50’ ఉండనే ఉంది. అందులో ఒక మనిషి, ఒక సంచి పడతాయి. వెనక్కి పోయే గేరు లేదు. వెనక్కి తిప్పాలంటే దిగి, చేత్తో ఎత్తి తిప్పుకోవడమే!

పీల్ సంగతి సరే, మోనో మాత్రం వేళాకోళం కాదు. ఈ లెక్క చూడండి. మనందరికీ తెలిసిన మారుతి 800 బరువు దాదాపు 650 కిలోలు, శక్తి 37 హార్స్‌పవర్. మోనోలో తరువాత వచ్చిన 2500 సీసీ రకం బరువు 580 కిలోలు, శక్తి 305 హార్స్‌పవర్. అంటే మారుతి కన్నా తేలిక, బలం మాత్రం ఎనిమిది రెట్లు. నిలబడి ఉన్న కారు గంటకు 97 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. ఈ వాక్యం చదవడానికే మీకు అంతకన్నా ఎక్కువ సమయం పట్టి ఉంటుంది.

ఇందులో రహస్యమంతా బరువులోనే ఉంది. మదనపల్లె నుంచి టమాటా నింపుకున్న లారీ కనుమ ఎక్కేటప్పుడు ఎలా మూలుగుతుందో, దించేసి ఖాళీగా వచ్చేటప్పుడు ఎలా ఉరుకుతుందో మీరు చూసే ఉంటారు. ఇంజిను అదే, డ్రైవరూ అతనే. మారింది బరువొక్కటే. బరువు తగ్గితే బండి తొందరగా పుంజుకుంటుంది, తొందరగా ఆగుతుంది, మలుపులో పక్కకు తోసుకుపోకుండా చెప్పిన మాట వింటుంది. సీటు తీసేస్తే సీటు బరువే కాదు, దాని కింది ఇనుము, పక్క తలుపు, ఆ తలుపు అద్దం అన్నీ పోతాయి. మోనోకు అసలు తలుపులే లేవు. పైకప్పూ లేదు, ముందు అద్దమూ లేదు. హెల్మెట్ పెట్టుకుని, పైనుంచి లోపలికి దిగి కూచోవాలి.

ఇక రెండో ఆకర్షణ ఆ కూచునే చోటు. మామూలు కారులో మనం కుడివైపు మూలన కూచుంటాం. ఎడమ చక్రం ఎక్కడుందో అంచనాతోనే నడుపుతాం. అందుకే కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఎడమవైపే గోడలకు రాస్తారు. ఒక్క సీటు కారులో డ్రైవరు సరిగ్గా నడిమధ్యన ఉంటాడు. రెండు ముందు చక్రాలూ రెండు చేతుల్లా కనిపిస్తాయి. దర్జీ కొలతలు తీసుకున్నట్టు కొన్నవాడి ఒంటికి తగ్గట్టే సీటు తయారుచేస్తారు. ఫోను మాటలు లేవు, పాటలు లేవు, వెనకనుంచి ‘కాస్త మెల్లగా పోనీరా’ అనే గొంతు లేదు. మనిషి, యంత్రం, దారి. అంతే. రోజంతా పదిమంది మధ్య బతికేవాడికి అరగంట ఒంటరితనం ఎంత తీపో వేరే చెప్పాలా? ఈ మోజును పొగరు అని కొట్టిపారేయడం తేలికే. కానీ అందులో ఒక నిజమైన ఆనందం ఉందని ముందు ఒప్పుకోవాలి.

మరి అది మన ఊళ్ళో పనికొస్తుందా?

బ్రిటన్‌లోనే మోనో ధర లక్షన్నర పౌండ్లకు పైమాట. మన దేశానికి దిగేసరికి పన్నులతో తడిసి మోపెడవుతుంది. పోనీ డబ్బుందనుకుందాం. తిరుపతి వీధుల్లో ఉన్న స్పీడ్ బ్రేకర్లకు దాని కడుపు తగలకుండా ఎవరు దాటించగలరు? మే నెల ఎండలో కప్పులేని బండిలో హెల్మెట్ పెట్టుకుని రేణిగుంట దాకా పోయి రాగలరా? 2021 నవంబరు వానలకు తిరుపతి రోడ్లు ఏరులై పారిన రోజులు గుర్తున్నాయి కదా! అలాంటప్పుడు కారు నిండా నీళ్ళే. కొండకు పోతే లడ్డూ సంచి ఒళ్ళో పెట్టుకోవాలి. నడిపేటప్పుడు ఒళ్ళో స్టీరింగుంటుంది.

‘అంత ఖరీదు మనకెందుకు? పాత మారుతి కొని, పైకప్పు కోసేసి, మధ్యలో ఒక్క సీటు బిగిస్తే పోదా?’ అనే కుర్రాళ్ళు ప్రతి మెకానిక్ షెడ్డు దగ్గరా ఉంటారు. పోదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ తయారుచేసిన బండి ఆకృతిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. రోడ్డెక్కాల్సిన ప్రతి కొత్త మోడలూ ముందు పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థల పరీక్షలు నెగ్గాలి. హైదరాబాద్‌లో జూ పార్కు దగ్గరి సుధా కార్స్ మ్యూజియం చూసినవాళ్ళకు తెలుసు. వంకాయ, క్రికెట్ బ్యాటు, బర్గర్ ఆకారాల్లో అక్కడ చేత్తో చేసిన కార్లున్నాయి. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాల్సిందే. అయినా వాటి చోటు మ్యూజియమే గానీ మన బజారు కాదు.

దారి సంగతికొస్తే, ఇలాంటి కారుకు మలుపులే ప్రాణం. మన దగ్గర మలుపులకు పెట్టింది పేరు తిరుమల ఘాట్ రోడ్డు. మొదటి దారి 1944లో వచ్చింది, రెండోది 1970లలో. కానీ అక్కడి నియమం చూశారా? అలిపిరి నుంచి పైకి కనీసం 28 నిమిషాలు, కిందికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ పెట్టిన హద్దు. ఎక్కడైనా ఆలస్యమైతే తప్పు. ఇక్కడ తొందరగా చేరితే తప్పు! ఎక్కడం కన్నా దిగడానికే ఎక్కువ సమయం ఎందుకంటే, ఎక్కేటప్పుడు వాలే బండిని పట్టి ఉంచుతుంది, దిగేటప్పుడు అదే వాలు తోస్తుంది. బ్రేకులు వేడెక్కితే పట్టు తప్పుతాయి. ఆ దారిలో మీ బండి ముందు ఎవరి అవ్వో కూచున్న జీపు ఉంటుంది, వెనక యాత్రికుల బస్సు ఉంటుంది. రోడ్డు అనేది ఎప్పుడూ ఒక్క సీటుది కాదు. అందరిదీ.

అలాగని ఒక్క సీటు కారుకూ మనకూ సంబంధమే లేదనుకుంటే పొరపాటు. మన మారుతి 800 ఇంజినుకు ఇంకో కథ ఉంది. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్‌కు పందెం కార్లంటే ప్రాణం. విదేశాల నుంచి పందెం కారు తెప్పించుకోవడం లక్షాధికారులకే సాధ్యమైన రోజులవి. ఆయన 1980ల చివర్లో మారుతి 800 ఇంజిను తీసుకుని, దాని చుట్టూ సన్నటి ఒక్క సీటు బండి కట్టాడు. దాని పేరు ‘ఫార్ములా మారుతి’. మనల్ని ఇంటిల్లిపాదినీ కొండకు చేర్చిన ఆ 796 సీసీ ఇంజినే, ఒక్కణ్ణి కూచోబెట్టుకుని పందెంలో పరుగెత్తిందన్నమాట. సినిమా కబుర్లలా కాకుండా, మామూలు కుర్రాళ్ళు కూడా అందుకోగల ధరకు రేసింగును దించిన బండి అది. అందులో పందేలు మొదలుపెట్టిన కుర్రాళ్ళలో ఒకడే నారాయణ్ కార్తికేయన్. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్ నడిపి, ఆ పోటీలో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ దాన్ని చూడలేదు. 1995లోనే విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గరి రేస్ ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే అని.

ఆ పందేలు జరిగిన చోట్లూ మనకు దూరం కావు. మొదట్లో నెల్లూరు నుంచి మద్రాసు పోయే దారిలో షోలవరంలోని పాత యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద జరిగేవి. 1990లో శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది. తిరుపతి నుంచైనా చిత్తూరు నుంచైనా పొద్దున టిఫిను తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే అక్కడుంటాం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు, కరెంటుతో నడిచే ఒక్క సీటు కార్లు తెలుగు నేల మీద మామూలు రోడ్డు పైనే పరుగెత్తాయి. కానీ ఆ రోజు ఆ రోడ్డుకు రెండువైపులా కాంక్రీటు గోడలు కట్టారు, ఎదురొచ్చే బండి లేదు, అడ్డం పడే మనిషి లేడు. వేగానికి అంత ఏర్పాటు కావాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన ఇళ్ళలో ఒక్క సీటు కారు లేదు గానీ, దాని మోజు మాత్రం ఉంది. అది బైకు రూపంలో ఇంటి ముందు నిలబడి ఉంది. నడిమధ్యన కూచోవడం, తేలికైన బండి, చెవుల్లో గాలి, ఎవరూ అడగని ఒంటరితనం అన్నీ అందులో దొరుకుతాయి. దొరకనిది రక్షణే. మోనోలో నడిపేవాడి చుట్టూ కార్బన్ ఫైబరు గుల్ల, ఒంటిని పట్టి ఉంచే బెల్టులు ఉంటాయి. బైకు మీద చొక్కా ఉంటుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవాళ్ళు. ప్రతి పది మరణాల్లో ఏడింటికి అతివేగమే కారణమని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. ఇంటర్ పాసయ్యాడని కొనిచ్చిన బైకు ఎన్ని ఇళ్ళ ముందు పటానికి దండ వేయించిందో మన ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. పద్దెనిమిది నిండని పిల్లవాడికి తాళం చెవి ఇస్తే 2019 సవరణ ప్రకారం తండ్రికి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా. అయినా జరిమానాకు భయపడి కాదు కదా మనం బిడ్డను కాపాడుకునేది!

‘నడపొద్దు’ అని తిడితే మోజు పోదు. ఊరి బయట హైవే మీదికి పోతుంది, మనకు చెప్పకుండా పోతుంది. అంతకంటే దానికి తగిన చోటు చూపించడం మేలు. ట్రాక్‌ల దగ్గర ఒక్క సీటు ఫార్ములా కార్లలో శిక్షణ ఇచ్చే స్కూళ్ళున్నాయి. అక్కడ మొదట నేర్పేది వేగం కాదు, బ్రేకు. ఎక్కడ నొక్కాలి, ఎంత నొక్కాలి, మలుపుకు ముందే ఎందుకు నొక్కాలి. అది నేర్చుకుని వచ్చిన కుర్రాడు మొగిలి కనుమలోనూ బుద్ధిగా దిగుతాడు. ఒక ఆదివారం పందేలు చూడ్డానికి ఇంటిల్లిపాదీ పోయినా సరే. గ్యాలరీలో అవ్వకూ చోటుంటుంది.

అదీ ఖర్చే అనుకుంటే ఇంకో దారి ఉంది. ఇంజినీరింగు విద్యార్థులు సొంతంగా ఒక్క సీటు కారు తయారుచేసి నడిపే పోటీలు మన దేశంలోనే జరుగుతున్నాయి. ‘ఫార్ములా భారత్’ పోటీ ఆ కరివర్ధన్ పేరున్న ట్రాక్ మీదే పెడుతున్నారు. అక్కడ వేగానికే మార్కులు కాదు. బండి ఎంత ఖర్చుతో కట్టారు, ఎందుకలా కట్టారు అన్నదానికీ మార్కులే. కరకంబాడిలో బ్యాటరీలు, చినపాండూరులో టైర్లు, శ్రీసిటీలో వాహనాలు తయారవుతున్న ప్రాంతం మనది. ఇంజినీరింగు కాలేజీలకు కొదవే లేదు. చాసిస్ వెల్డింగు చేస్తూ చేతులు కాల్చుకున్న పిల్లవాడికి ఒక్కో కిలో బరువు విలువ, ఒక్కో బోల్టు విలువ తెలుస్తాయి. ఇనుము విలువ తెలిసినవాడికి ప్రాణం విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

ఈసారి మీ అబ్బాయో, అమ్మాయో ఫోనులో అలాంటి కారు బొమ్మ చూపిస్తే, ‘ఎంతమంది పడతారు?’ అని అడగకండి. ‘ఎంతలో ఆగుతుంది?’ అని అడగండి. ఆ జవాబు వెతుక్కుంటూ పోయే దారిలోనే వాళ్ళు మంచి డ్రైవర్లవుతారు.